కొలిమియు దాని లెక్కయు
(మాదన్నపేటలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



అగ్నియే మన వృత్తులకు జీవనాధారము. పూర్వము నిజామాబాదు మండలమునందలి కోనసముద్రమున మూసలలో వండిన యుక్కుకొఱకు పారసీక వర్తకులు ఆ పల్లెకే వచ్చుచుండిరి. నాటి కొలిమికి కఱ్ఱబొగ్గు చాలెను. నేడన్ననో, పరిశ్రమలను నడపు విద్యుత్తులో పెద్దభాగము సింగరేణివంటి గనుల నేలబొగ్గువలననే పుట్టుచున్నది.

ధూమమును జూచి యగ్ని నూహింపవలెనని తర్కశాస్త్రము నేర్పుచున్నది. కాని బొగ్గు కాలగా వెలువడు బొగ్గుపులుసు వాయువు కంటికి గానరాదు. 12 పాళ్ల కర్బనము 32 పాళ్ల ప్రాణవాయువుతో గలిసి 44 పాళ్ల వాయువగును. ఇనుపరాతినుండి టన్ను ఉక్కు దీయుటలో సుమారు 2 టన్నుల వాయువు గాలిలో గలియును. భూమి వేడెక్కుటకు ఈ వాయువే ముఖ్యకారణము. కనబడనిదానికి లెక్కయే కన్ను.

అట్లని కొలుము లార్పివేయవలయునా? అది న్యాయము గాదు. ఈ వాయువును ముందుగా మిక్కిలిగా వెలువరించినవి ధనికదేశములు. మనదేశమున తలకు వచ్చు పాలు ప్రపంచపు సగటులో సగమైనను లేదు. అయినను 2021 లో గ్లాస్గో సభయందు మన ప్రభుత్వము, 2070 నాటికి నికరముగా వాయువు వెలువడని స్థితికి వత్తుమని మాట యిచ్చినది.

న్యాయము మన పక్షముననున్నను వర్తకము వేచియుండదు. ఐరోపా సమాఖ్య దిగుమతియగు ఇనుము, ఉక్కు, సిమెంటు మున్నగువానిపై కర్బన సుంకవిధానమును 2026 జనవరి 1 నుండి పూర్తిగా అమలుపఱచినది. బోల్టులు, మరలు సైతము దానికి లోబడినవే. పెద్ద కర్మాగారము ఆ భారమును చిన్న కార్ఖానాపై ద్రోయవచ్చును. లెక్క చూపలేని పనివాడు బేరము గోల్పోవును. వాని పిల్లలు బడి మానుదురు. మా భయమదియే.

ఉపాయము మన యింటనే యున్నది. కంసాలి పాతబంగారమును పాఱవేయునా? పాతయినుమును విద్యుత్కొలిమిలో కరగించినచో, కొత్తగా రాతినుండి తీయుటకంటె వాయువు మిక్కిలి తగ్గును. ఆ విద్యుత్తు సూర్యునినుండి వచ్చెనేని మఱింత తగ్గును. రామగుండమున 2022 లో జలాశయముపై 100 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పనికి వచ్చినది. అచ్చటి 2,600 మెగావాట్ల బొగ్గుకేంద్రము ముందు ఇది స్వల్పమే. అయినను దారి చూపుచున్నది.

కావున పోషకులకు మా విన్నపము: విద్యార్థి వేతననిధిలో కొంతభాగమును విద్యుత్కొలిమి నడపుటయు, ఇంధనపు లెక్క వ్రాయుటయు నేర్చు యువకులకు కేటాయింపుడు. అగ్నిని విడువవలదు; దాని లెక్కను మఱువవలదు.

స్వస్తి.