నోరు తెరిచి చెప్పలేని బిడ్డకు పంటినొప్పి
(బెల్లంపల్లి ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటి పన్ను మున్నగు వానిపై చర్చ జరుగుట పరిపాటి. పిల్లల దంతములను గురించి చర్చించిన పంచాయతీని నేనింతవరకు చూడలేదు. నేడు నేను మనవి చేయబోవునది ఆ విషయమే. అందునను, ఆటిజము గల పిల్లల దంతములను గురించి.

ఆటిజము అను మాట మన పల్లెలకు క్రొత్త. 1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వ్రాసిన వ్యాసముతో ఈ పేరు వైద్యలోకమున వ్యాపించినది. ఇది మెదడు ఎదుగుదలలోని ఒక తేడా. ఇట్టి బిడ్డ పిలిచినను పలుకకపోవచ్చును, కన్నులలోనికి చూడకపోవచ్చును, మాటలు రాకపోవచ్చును, లేదా విన్నమాటనే మరల మరల అనవచ్చును. చేసిన పనినే చేయుచుండును. చప్పుడు, వెలుతురు, రుచి, స్పర్శ మనకంటె ఎంతో తీవ్రముగనో, లేక అతి స్వల్పముగనో తెలియును. మన కోల్ బెల్టులో ఓపెన్ కాస్టు గనుల ప్రేలుడు శబ్దము వినగానే చెవులు మూసికొని మూలకు పరుగెత్తు బిడ్డను మీలో కొందరు చూచియే యుందురు. తల్లి పెంపకము వలన గాని, గ్రహణము వలన గాని, టీకాల వలన గాని ఇది కలుగదు. ఈ మాట గ్రామమున పదిమందిలో చెప్పవలసిన బాధ్యత మీది. ఏలయన, నింద మోయుచున్నది తల్లియే.

ఇక దంతముల సంగతి. పిప్పిపన్ను నొప్పి ఎట్టిదో మనకందరకు తెలియును. మామూలు బిడ్డ దవడ పట్టుకొని యేడ్చి చూపును. ఆటిజము గల బిడ్డ చూపలేడు. చెంపపై తానే కొట్టుకొనును, తల గోడకు మోదుకొనును, చేయి కొరుకుకొనును, అన్నము త్రోసివేయును, రాత్రి నిదురపోడు. ఇంటివారు దీనిని మొండితన మనుకొందురు, లేదా గాలి సోకిన దనుకొందురు. తాయెత్తు కట్టింతురు, కొట్టుదురు, గదిలో పెట్టి గడియ వేయుదురు. పన్ను మాత్రము లోలోపల పుచ్చుచునే యుండును. చిగురు వాచి, చీము పట్టి, జ్వరము వచ్చిన తరువాత గాని నోరు తెరిపించి చూచు ప్రయత్నము జరుగదు. కనుక మొదటి సూత్రమిది: ఇట్టి బిడ్డ ప్రవర్తన హఠాత్తుగా మారినచో, మంత్రగాని కడకు పోవుటకు ముందు నోటిలోనికి చూడవలెను. చెవిని, కడుపును కూడ పరీక్ష చేయింపవలెను.

ఈ పిల్లల దంతములు ఏల త్వరగా చెడును? వారి పళ్లు పుట్టుకతో బలహీనములు కావు. బ్రష్షు చిగురును తాకుటయే కొందరికి భరింపరాని బాధ. పేస్టు ఘాటు మంటవలె తోచును. కొందరు మెత్తని తీపి పదార్థములను తప్ప మరేమియు తినరు. కొందరు ముద్దను బుగ్గలో గంటల తరబడి దాచుకొందురు. చెప్పినట్లు విన్నప్పుడెల్ల చాక్లెటు చేతిలో పెట్టు అలవాటు ఒకటి గలదు. తీపి సిరపు మందులు మరియొకటి. మూర్ఛ కూడ గల పిల్లలకు ఇచ్చు ఫెనిటోయిన్ అను మందు వలన చిగుళ్లు ఉబ్బి పళ్లపైకి పెరుగవచ్చును. అంతమాత్రముచే ఆ మందును ఇంటివారు తమంతట తాము మానిపింపరాదు, వైద్యునికి చూపవలెను. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము బిడ్డకు బలము. అయితే అందు చక్కెర గలదు గనుక, తిన్న పిదప నాలుగు గుక్కలు నీరు త్రాగింపవలెను.

ఇంటిలో చేయవలసినది పెద్దపని కాదు గాని, ఓపిక గల పని. ఆటిజము గల బిడ్డకు ప్రతిదినము ఒకే వేళ, ఒకే చోట, ఒకే క్రమములో జరుగు పని ధైర్యము నిచ్చును. ఈ స్వభావమునే మనము వాడుకొనవలెను. మొదటి వారము బ్రష్షును చేతికిచ్చి ఆడుకొననిచ్చిన చాలును. తరువాత పెదవికి తాకింపవలెను. పిదప ముందుపళ్లకు, ఐదు లెక్కించునంత సేపు. పది లెక్కించుటకు ఒక నెల పట్టినను విచారములేదు. బిడ్డను ఒడిలో తల ఆనించి వెనుకనుండి తోముట ఎదురుగా నిలిచి తోముటకంటె సులభము. మెత్తని కుచ్చు గల చిన్న బ్రష్షు వాడవలెను. బొగ్గుపొడి, బూడిద, ఇటుకపొడి వలదు; అవి పంటిపై పొరను అరగదీయును. వేపపుల్ల పెద్దలకు మంచిదే, కాని నోరు బిగించి హఠాత్తుగా తల త్రిప్పు బిడ్డ నోటిలో పుల్ల గ్రుచ్చుకొనును.

ఫ్లోరైడు గల పేస్టు అనగానే కొందరు జంకుదురు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన వారిని చూచిన తెలంగాణమున ఆ జంకు సహజమే. అది ఏండ్ల తరబడి అధిక ఫ్లోరైడు గల నీరు త్రాగుటచే వచ్చిన కీడు. పేస్టు త్రాగునది కాదు. మూడేండ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేండ్ల వరకు బఠానీ గింజంత చాలును. ఉమ్మివేయుట తెలియని బిడ్డకు ఎంత వయసు వచ్చినను తక్కువే పెట్టి, తడిగుడ్డతో తుడువవలెను.

తరువాత ఆసుపత్రి. ఇక్కడనే చాలమంది తలిదండ్రులు వెనుకకు తిరుగుదురు. కిక్కిరిసిన వరండా, గంటల నిరీక్షణ, మిషను చప్పుడు, ముఖముపై దీపము, క్రొత్తవారి చేతులు, వీనిలో ఏ ఒక్కటైనను ఆ బిడ్డను కలవరపెట్టుటకు చాలును. నలుగురు పట్టుకొని ఒకమారు బలవంతముగా పన్ను తీయించినచో, ఆ బిడ్డ మరల ఆ గుమ్మము త్రొక్కడు. నేర్పుగల వైద్యుడు మొదటి దినమున ఏమియు చేయడు. కుర్చీలో కూర్చుండబెట్టి పంపును. రెండవమారు అద్దము చూపును. ఏది చేయబోవునో ముందుగా చెప్పి, చూపి, పిదప చేయును. ఇంటిలో తల్లి ఆసుపత్రి ఫొటోలు ముందే చూపినచో మరింత మేలు. మిషను అక్కరలేని పద్ధతులును నేడు గలవు: చేతి పనిముట్లతో పుచ్చును గీకి సిమెంటు నింపుట యొకటి; సిల్వర్ డయమిన్ ఫ్లోరైడు అను ద్రవమును పూసి పుచ్చును ఆపుట మరియొకటి. ఈ ద్రవము పూసినచోట పుచ్చు నల్లబారును. తలిదండ్రులకు ముందే చెప్పవలెను. ఏ విధముగను లొంగని బిడ్డకు మత్తు ఇచ్చి ఒకేమారు అన్ని పళ్లకు చికిత్స చేయుట పెద్ద ఆసుపత్రిలో జరుగవలసిన పని.

సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కంపెనీ ఆసుపత్రి గలదు. నెన్నెల, భీమిని, వేమనపల్లి, కాసిపేట వైపు పల్లెలలోని రైతు కూలీ బిడ్డకు ఆ సౌకర్యము లేదు. అతనికి ప్రభుత్వ వైద్యమే దిక్కు. ఒకదినపు కూలి, బస్సు ఖర్చు వదులుకొని మంచిర్యాల వరకు వచ్చిన తల్లి, వరుసలో మూడుగంటలు నిలిచి, బిడ్డ యేడ్పునకు అందరు చూచుచుండగా తిరిగిపోవుట న్యాయమా? చట్టము కాదనుచున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొన్న 21 వైకల్యములలో చేర్చినది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. దాని 25వ సెక్షను ప్రకారము, దివ్యాంగులకు ఆసుపత్రిలో చూచుటయందును చికిత్సయందును ప్రాధాన్యము ఇయ్యవలెను. ఇది దయతో ఇచ్చునది కాదు, హక్కు. వార్డు సభ్యుడొకరు తోడు వచ్చి, ఉదయమే మొదటి వంతున చూడుమని నెమ్మదిగా అడిగినచో, ఆ తల్లి ఒంటరిగా అడిగినదానికంటె ఫలము త్వరగా కలుగును. అనుభవము గల సభ్యులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందము అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు రావలసియున్నది. ఆ బృందము చూడవలసిన వానిలో పిప్పిపళ్లును ఆటిజమును రెండును గలవు. బృందము వచ్చు తేదీని పంచాయతీ ముందుగా తెలిసికొని దండోరా వేయింపవలెను. అయితే, ఆటిజము గల బిడ్డ ఆనాడు బడిలో ఉండడు, ఇంటిలో నుండును. పేరు రిజిష్టరులో లేని బిడ్డను బృందము చూడజాలదు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, వార్డు సభ్యుడు ముగ్గురు కలిసి, ఇండ్లలో దాగియున్న అట్టి పిల్లలను ముందే గుర్తించి, ఆ దినమున రప్పింపవలెను. ఆటిజము ఉన్నదని అనుమానము గల బిడ్డను అక్కడనుండి జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. పేర్లు వ్రాయునపుడు ఇంటివారి మర్యాద కాపాడవలెను. ఆ కాగితము పంచాయతీ గోడపై అంటించునది కాదు.

ఖర్చును గురించి మీరు అడుగుదురని నాకు తెలియును. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య భీమా గలదు. ఆటిజము గల వారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించును. దంతములు చెడకుండ చేయు వైద్యము కూడ అందు చేరియున్నది. దీనికి దివ్యాంగ ధ్రువపత్రము కావలెను గనుక, మొదట ఆ పత్రమునకై దరఖాస్తు చేయింపుడు. ధ్రువపత్రము వచ్చువరకు వైద్యము ఆపనక్కరలేదు. పంటినొప్పికి ఏ కాగితము లేకయే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపవచ్చును. ఇక మీ గ్రామములలో ఇట్టి పిల్లలున్నచో వారి సంగతులు చెప్పుడు. సభ ముగిసిన పిదప ఒక్కొక్కరితో విడిగా మాటలాడెదను.