తుపాకి చేతులు మారేముందు స్టేషన్‌లో కాగితం పెట్టండి
(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అడవిపందుల బాధ గురించి పొద్దుటి నుంచి చాలామంది చెప్పారు. నష్టపరిహారం సంగతీ వచ్చింది. నేను పంట కాపలా తుపాకుల గురించే మాట్లాడతాను. మన ఊళ్లలో లైసెన్సు తుపాకులు చాలావరకు పెద్దవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. ఆ పెద్దాయన కాలం చేస్తే, లేదా తుపాకి అమ్ముకోవాలనుకుంటే ఏం చేయాలో ఇంట్లోవాళ్లకు తెలియదు.

నాకూ తెలియదు. మా నాయన పేరున ఒక ఒంటిగొట్టం తుపాకి ఉండేది. ఆయన పోయాక దినాలు, అప్పులు, పాసుపుస్తకం మార్పిడి... వీటి మధ్య అది ఎనిమిది నెలలు అటక మీదే ఉండిపోయింది. దొంగసొత్తు కాదు కదా, నాయన వస్తువే కదా అనుకున్నాను. ఒకరోజు మాటల్లో మాటగా తెలిసిన వకీలుతో అంటే, "నీ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని తుపాకి" అన్నాడు. నా కాళ్లు చల్లబడ్డాయి.

పొలం వారసులకు వస్తుంది. లైసెన్సు రాదు. అది మనిషికి ఇచ్చింది, ఆ మనిషితోనే పోతుంది. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అలాంటి తుపాకిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. ఇంట్లో పెట్టుకుంటే, 2019 సవరణ తర్వాత, తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఐదేళ్లు జైలు. పందిని ఒక్కసారి కూడా కొట్టకపోయినా సరే.

స్టేషన్‌కు పోతే ఏమైంది? "సార్ లేరు, రేపు రా." మూడుసార్లు అదే మాట. నాలుగోసారి అర్జీ రెండు ప్రతులు రాసుకుని పోయాను. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకునే దాకా బెంచీ మీద నుంచి లేవలేదు. ఆ కాగితం ఇప్పటికీ పాసుపుస్తకంతోపాటే దాచాను. తీసుకోమని మొండికేస్తే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు పెట్టుకోండి. అప్పగించి ఊరుకోవద్దు సుమా. గడువులోగా తిరిగి తీసుకోవడమో, అమ్మడమో చేయకపోతే తుపాకి సర్కారుదైపోతుంది.

2016 నిబంధనల్లో వారసులకు ఒక దారి ఉంది. లైసెన్సుదారు పోయాక వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బతికుండగానే, వయసు 70 నిండినా, తుపాకి పాతికేళ్లు తన దగ్గరున్నా, తాను చెప్పిన వారసుడి పేరున అడగొచ్చు. మీ ఇళ్లలో ముసలాయన ఉంటే, ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే ఆ పని చూసుకోండి.

ఇక అమ్మకం. కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అది ముందుమాట. అంతటితో సరిపోదు. 5వ సెక్షన్ చూడండి. ఎవరికి అమ్ముతున్నామో వాళ్ల పేరు, చిరునామాతో కలెక్టరుకైనా, దగ్గరి స్టేషన్ అధికారికైనా ముందే రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక 45 రోజులు గడిస్తేనే తుపాకి చేతులు మారాలి. అడ్వాన్సు తీసుకున్నాం కదా అని సంతలో ఎద్దును తోలినట్టు అదే రోజు ఇచ్చేస్తే తప్పు మనదే. ఊరికే ఇచ్చినా ఇదే లెక్క. అల్లుడికైనా సరే.

ఒక్క రాత్రి మంచె మీదకు తమ్ముడికి ఇచ్చామంటారు. లైసెన్సుదారు పక్కన ఉంటే, లేదా రిపేరుకో రెన్యువల్‌కో ఆయన రాసిచ్చిన కాగితం ఉంటే, ఇంకొకరు మోయొచ్చు. ఆయన ఇంట్లో పడుకుని తమ్ముడు చేలో కాపలా కాస్తే కుదరదు.

ఇంకో సంగతి. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారుల ఉత్తర్వు వేరే కావాలి. పంట మనది, నష్టం మనది, రెండు ఆఫీసుల చుట్టూ తిరిగేదీ మనమే. దీని మీద సంఘం కొట్లాడుతుంది. కొట్లాడేవాళ్ల మీద కాగితం లేదన్న కేసు ఉండకూడదని నా బాధ.

అర్జీ నమూనా మన మండల కార్యదర్శి దగ్గర ఉంది. లైసెన్సు పుస్తకం జిరాక్సు, తుపాకి నంబరు, చనిపోయినవారిదైతే మరణ ధ్రువపత్రం తెచ్చుకోండి. స్టేషన్‌కు ఒక్కరే పోవడానికి జంకు అనిపిస్తే చెప్పండి, సోమవారం నేను వస్తాను.