వాహనం లోపలి శుభ్రత: లెక్కకు రాని నైపుణ్యం
(గురుగ్రామ్‌లో జరిగిన తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరవుభత్యం గురించి, పింఛను గురించి మాకంటె ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పియున్నారు. మేము కారు లోపలి మురికిని గురించి మాట్లాడదలచాము. నవ్వవద్దు. ఈ విషయం మాట్లాడుకొనుటకు ఇంతకంటె తగిన ఊరు లేదు. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 కారు బయటికి వచ్చినది ఈ ఊరి కర్మాగారం నుండియే. కారు తయారుచేసిన కార్మికుని గురించి మన ఉద్యమం చాలా మాట్లాడింది. ఆ కారును దినదినమూ తుడిచే కార్మికుని గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు.

మా సంఘ కార్యాలయానికి ఒక పాత మారుతి కారు ఉంది. సంఘం కారు ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు. వెనుక సీటు మీద మైదా జిగురు డబ్బా, తడిసిన జెండాలు, ఒలికిన టీ మరకలు, సీట్ల సందులలో వేరుశనగ పొట్టు, కరపత్రాల ముక్కలు. పశ్చిమ బెంగాల్ నుండి వచ్చిన ఒక యువకుడు ప్రతి ఉదయం ఆరు గంటలకు ముందే వచ్చి పైభాగం తుడిచేవాడు. వారానికి ఒకసారి లోపల శుభ్రపరిచేవాడు. నెలకు ఇంత అని ఇచ్చేవారము. ఒకమారు యాభై రూపాయలు పెంచమన్నప్పుడు మేమూ బేరమాడాము. వేతన ఒప్పందాల బల్ల వద్ద జీవితం గడిపిన మేము ఆ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము.

2025 జులైలో ఈ నగరంలో గుర్తింపు పత్రాల తనిఖీ జరిగింది. బెంగాలీ మాట్లాడే వలస కార్మికులను పలువురిని పట్టుకొని సామాజిక భవనాలలో ఉంచారు. పత్రాలు సరిచూచి అత్యధికులను తరువాత విడిచిపెట్టారు. కాని అప్పటికే భయంతో వందలాది కుటుంబాలు సామాను కట్టుకొని స్వస్థలాలకు వెళ్ళిపోయాయి. మా యువకుడు కూడా వెళ్ళిపోయాడు. చెత్త ఎత్తేవారు, ఇంటిపనివారు, కార్లు తుడిచేవారు లేక పెద్ద పెద్ద భవన సముదాయాలవారు కలవరపడ్డారు.

అదే నెలలో భారీ వర్షాలు కురిసాయి. ఈ ఊళ్ళో వాన అంటే ఏమిటో 2016 జులై 28 నాడు హీరో హోండా చౌక్ వద్ద రాత్రంతా వాహనాలలో చిక్కుపడినవారు చెప్పగలరు. మా కారు నిలిపిన వీధిలో నీరు తలుపు గడప దాటి లోపలికి వచ్చింది. మూడవ నాటికి దుర్వాసన. వారం తిరిగేసరికి సీటు అంచున తెల్లని బూజు. ఇక మేమే చీపురు పట్టవలసివచ్చింది.

మొదట చేసిన పనులన్నీ తప్పులే. బకెట్టుతో నీరు కుమ్మరించాము. కారు లోపల నేల మీద కనబడే తివాచీ క్రింద మందపాటి స్పంజి పొర ఉంటుంది. పైన ఆరినా అది రోజుల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. బూజుకు పుట్టినిల్లు అదే. ముందు సీట్ల క్రింద విద్యుత్ తీగలు ఉంటాయి. కొన్ని వాహనాలలో ప్రమాద సమయంలో విచ్చుకొనే గాలిసంచుల తీగలూ అక్కడనే పోతాయి. అక్కడ నీరు పోయరాదు, తీగలు లాగరాదు. నీరు చొరబడిన కారు ఇంజనును పరీక్ష కోసమైనా తిప్పిచూడరాదు. ఇంజనులోకి నీరు పోయి ఉంటే అంతటితో పాడవుతుంది, బీమా సొమ్ము వద్ద కూడ చిక్కు వస్తుంది. ముందు బ్యాటరీ తీగ విప్పించవలెను, తరువాత మెకానికును పిలువవలెను.

పొరుగు వీధిలో కార్లు కడిగే ఒక వృద్ధుడు మాకు క్రమం నేర్పాడు. పొడి పని ముగిసిన తరువాతనే తడి పని. మ్యాట్లు తీసి, చెత్త ఏరి, పైకప్పు నుండి క్రిందికి ధూళి దులిపి, పొడిగా ఉన్న ధూళినంతటినీ యంత్రంతో పీల్చివేయవలెను. ధూళి ఉండగా నీరు తగిలిస్తే అది బురదై బట్టలోకి దిగిపోతుంది. బట్ట సీటుకు సబ్బు నురుగు మాత్రమే పట్టించి, మెత్తని కుంచెతో చెయ్యి వెడల్పు చోటు చొప్పున తోమి, వెంటనే పొడిగుడ్డ అదిమి తడి తీయవలెను. రుద్దినకొద్దీ మరక విస్తరిస్తుంది. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి పలుచని సబ్బునీటితో తుడిచి, ఆరేవరకు లోపలికి పోనీయరాదు. బ్లీచింగు వాడితే దాని నేత బలహీనమవుతుంది. స్టీరింగుకు, పెడళ్ళకు మెరుగునూనె పూయుట ప్రాణాపాయం. కాలు జారుతుంది. వాసన ఇంకా పోకపోతే ఏసీ గాలి వడపోత మార్చవలెను. చాలా కార్లలో అది ముందరి అర వెనుక ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యం, తలుపులు తెరిచి గాలికి ఆరనిచ్చుట. మాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

రైల్వే సోదరులకు ఇందులో క్రొత్త ఏమున్నది? పిట్ లైనులో బోగీ లోపలి పని చూచినవారు మీరు. 2020 మార్చిలో ఏసీ బోగీల నుండి తెరలు, దుప్పట్లు తొలగించి, 2022 మార్చిలో గాని తిరిగి ఇవ్వలేదు. ఆ మధ్యకాలంలో బోగీల కడ్డీలు, గొళ్ళాలు తుడిచిన చేతులలో అధికభాగం కాంట్రాక్టు చేతులే. ఆర్‌.ఎం.ఎస్. సోదరులకూ తపాలా సంచుల ధూళి తెలుసు. మరుగుదొడ్డి ఆమ్లాన్ని బ్లీచింగుతో కలిపితే విషవాయువు పుడుతుందని మనలో ఎంతమంది తమ కాంట్రాక్టు కార్మికునికి చెప్పారు? చేతి తొడుగులు ఇప్పించారు? ఈ పనికి శిక్షణ అక్కరలేదనే మాట వేతనం తగ్గించుటకు ఉపయోగపడే మాట. మేమూ దానిని ఏళ్ళ తరబడి ప్రశ్నించకుండా నమ్మాము.

సెప్టెంబరులో ఆ యువకుడు తిరిగివచ్చాడు. కారు చూపించాము, కొంత గర్వంగానే. అతడు మాట్లాడకుండా డ్రైవరు సీటు ముందరి తివాచీ అంచు ఎత్తి, అరచేయి అదిమి, తడిసిన చేయి మాకు చూపించాడు. ఆ రోజు నుండి అతడు అడిగిన మొత్తమే ఇస్తున్నాము, నెలకు నాలుగు సెలవులతో.

ఇక కార్యక్రమం. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదుకు ఆధార్, దానితో ముడిపడిన ఫోను, బ్యాంకు ఖాతా అవసరం. వయస్సు 16 నుండి 59 వరకు. ఆ కార్డు పౌరసత్వ రుజువు కాదు, ఆ భ్రమ ఎవరికీ కల్పించవద్దు. కాని అతడు కార్మికుడని చెప్పే కాగితం ఒకటి అతని చేతిలో ఉంటుంది. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మన కార్యాలయంలో నమోదుకు ఏర్పాటు చేశాము. మీ వీధిలో కార్లు తుడిచేవారిని పేరు అడిగి తెలుసుకొని వెంటబెట్టుకొని రండి. ఫోను తెచ్చుకొమ్మని ముందే చెప్పండి.