మీల్ మేకర్‌కు మన ఇంటి రుచి



వేటకూర వండిన రోజు ఇంట్లో పండగే. మగవాళ్లకు వడ్డిస్తాం. పిల్లలకు వడ్డిస్తాం. చివరికి మనకు మిగిలేది పులుసు. ఒంటికి బలం రావాలంటే మాంసకృత్తులు కావాలి. అవి మనకు అక్కర్లేదా? నాట్లు వేసేది మనం. బిడ్డను మోసేదీ మనమే.

మాంసకృత్తులు బాగా ఉండే వస్తువు కిరాణా కొట్లోనే దొరుకుతుంది. అదే మీల్ మేకర్. దీన్ని సోయా చిక్కుడు గింజలతో చేస్తారు. మన ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు రైతులు సోయా పండిస్తారు. గింజల నుంచి నూనె తీస్తారు. మిగిలిన పిండిని మిషన్‌లో వేడి చేసి, జంతికల గొట్టంలో లాగా ఒత్తుతారు. బయటికి రాగానే అది పొంగుతుంది. 100 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.

"చప్పగా ఉంటుంది, పచ్చి వాసన వేస్తుంది, మా ఇంట్లో తినరు" అంటారు చాలామంది. నిజమే. బలం ఉందని చెబితే ఎవరూ తినరు. నోటికి బాగుండాలి. ఆ పని మన చేతుల్లో ఉంది.

మీల్ మేకర్ స్పాంజి లాంటిది. మరిగే ఉప్పునీళ్లలో అయిదు నిమిషాలు ఉంచండి. చన్నీళ్లలో వేసి గట్టిగా పిండండి. మళ్లీ కడిగి పిండండి. వాసన చాలావరకు పోతుంది. సరిగా పిండకపోతే లోపల నీళ్లే ఉంటాయి. ఇక ఉప్పూ కారం ఎలా పడతాయి?

పిండిన ముక్కలకు అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, కాస్త పెరుగు పట్టించి అరగంట ఉంచండి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి వేయించండి. తర్వాత ధనియాల పొడి, లవంగం, చెక్క వేసి ఉడికించండి. పులుపు ఇష్టమైతే పెరుగు మాని గోంగూర వేయండి. రోట్లో కచ్చాపచ్చాగా దంచితే ఖీమాలా వండుకోవచ్చు.

మొదట కొంచెమే వండండి. అత్తనూ పిల్లలనూ అడగండి. కారం చాలిందా? పులుపు ఎక్కువైందా? వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకోండి. రెండోసారి మార్చి వండండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా! పొట్లం మీద తేదీ కూడా చదివి కొనండి.

ఒక మాట. మాంసంలో ఉండే బి-12 విటమిన్ సోయాలో ఉండదు. అందుకే పాలు, పెరుగు, గుడ్డు మానకండి. సోయా తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు దీన్ని తినకూడదు.

ఈసారి కూర వండాక మన కంచంలోకి కూడా ముక్కలు ముందే తీసిపెట్టుకుందాం.