సబ్బునీళ్ళు – స్టాండ్లు


1932లో నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో మొదలైనది మన రవాణా. నేను చేరేనాటికి మా డిపోలో అన్నీ కమాన్ కట్టలే. తరువాత గాలి బెలోలు వచ్చాయి.

రాత్రి నిలిపిన బస్సు తెల్లారేసరికి ఓ పక్కకు ఒరిగితే లీకును అనుమానించాలి. గాలి నింపి బెలోలకు, జాయింట్లకు, లెవెలింగ్ వాల్వుకు సబ్బునీళ్ళు పూయండి. బుడగ లేచినచోటే దోషం. జాయింటయితే సరిచేయాలి, చీలిన బెలో మార్చాల్సిందే, అతుకు పనికిరాదు.

అన్నిటికన్నా ముందు ఛాసిస్ కింద స్టాండ్లు! ఒకనాడు అవి పెట్టకుండా దూరబోతే మా హెల్పరు నన్ను వెనక్కు లాగాడు. మరుక్షణం బస్సు కుంగింది. నేను తీసుకుంటున్న ఈ పింఛను అతని చలవే.

గ్యారేజీల్లో పనిచేసే మీ పిల్లలకు ఈ ఒక్కమాట చెప్పండి. సెలవు.