వంకర కర్రలోని విల్లు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన మెట్టప్రాంతమున చెట్టు నిటారుగా పెరుగుట అరుదు. చెరువుకట్టమీది తుమ్మను చూడుడు. గాలికి, గొడ్ల మేతకు, మునుపు కొట్టిన కొమ్మల గాయములకు అది పది విధముల వంగియుండును. వేలములో అట్టి మానునకు పలుకునది వంటచెరకు ధరయే. ప్రకాశం వైపున పొగాకు బ్యారన్లకును కట్టెలే కావలెను గనుక మంచి చెడ్డ చూడకయే బండి కెత్తుదురు. ఆ బండి కదలకముందు ఒకటి రెండు దుంగలను ఏరి ప్రక్కన పెట్టుడని నా మనవి. వానినుండి మన వడ్రంగి పిల్లలకు విండ్లు చేయగలడు.

విల్లేమిటని నవ్వవద్దు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ యువతి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు స్వర్ణపతకములు గెలుచుకొన్నది. ఆమె వాడిన తరగతి విల్లు యంత్రమువంటిది, వెల లక్షలలో నుండును. కాని మన దేశపు పోటీలలో ఇండియన్ రౌండు అను విభాగము గలదు. అందు వెదురు విండ్లు, కర్ర విండ్లు వాడుదురు. ఆ ద్వారము మన ఊరి పిల్లలకును తెరచియే యున్నది. నల్లమల చెంచులకు వెదురువిల్లు తరతరాలుగా తెలిసిన వస్తువు. మైదానమున మనకు ఉండేలు మాత్రమే మిగిలినది.

తుమ్మ యొక్కటే తగునని నేననను. ఏ కర్రయైనను ఎండిన పిదప బొటనవ్రేలంత చీలిక తీసి విరిచి చూడవలెను. పొడవైన పీచులు లేచి విరిగినచో పనికివచ్చును. ముల్లంగివలె తటాలున తెగినచో అది పొయ్యికే.

దుంగను రంపముతో కోయరాదు, మేకులు దిగగొట్టి చీల్చవలెను. రంపము తన దారిన పోవును. చీలిక పీచు దారిన పోవును. కొసలకు మైనము పూసి, నీడలో కొన్ని నెలలు ఆరనిచ్చిన తరువాత బెరడు తీయవలెను. బెరడు క్రింది ముఖమే వింటి వీపు, అనగా గురి కెదురుగా నుండు వైపు. దానిపై బాడిస దెబ్బ ఒక్కటియు పడరాదు. ఎగుడుదిగుడులు కనిపించినచో అట్లే యుండనిచ్చి, లోపలివైపు కర్రను వాని ననుసరించి సమానమైన మందమునకు తీయవలెను.

ఇక గీత గీయుట. మన వడ్రంగి అలవాటుగా దారమునకు బొగ్గు పూసి బిగించి కొట్టును. తలుపు చెక్కకు అది సరి, వింటికి కాదు. పీచు ఎటు పోవుచున్నదో వ్రేలితో తడవి, బొగ్గుతో ఆ వెంటనే నడిమి గీత గీయవలెను. అది పాము నడకవలె సాగినను సాగనిండు. దాని కిరుప్రక్కల సమానముగా కొలిచి వెడల్పు గుర్తింపవలెను. కణుపు గలచోట కొంచెము ఎక్కువ విడువవలెను. దారమునకు పని ఆ తరువాత. ఒక కొప్పునుండి రెండవ కొప్పునకు దారము పట్టిన, అది పిడికిలి పట్టు నడుమగా పోవలెను. ఈ మూడు చోట్లు ఒక వరుసలో నున్న చాలును, మధ్యనున్న వంకరల గొడవ అక్కరలేదు. వరుస తప్పినచో పట్టును కొంచెము జరిపి చూడవలెను. అప్పటికిని కుదరనిచో అంగుళము మందమునకు గంట చొప్పున ఆవిరి పట్టి, మెల్లగా వంచి, చల్లారువరకు కట్టియుంచవలెను.

గీత తిన్నగా కనబడవలెనని పీచును అడ్డముగా కోసిన విల్లు మొదట బాగుగానే యుండును. నారి లాగినప్పుడు కోసినచోట పీచు లేచును; విరిగిన ముక్క తిరిగి పిల్లవాని ముఖముమీదికి వచ్చును. కన్ను పోవుటకు ఆ ముక్క చాలును. అందుచేతనే ఈ గీతనుగూర్చి ఇంత చెప్పవలసివచ్చినది. నాగలికి వంపుగల తుమ్మను ఏరిన వృద్ధ వడ్రంగులు ఇంకను మన గ్రామములలో నున్నారు. పీచును చదువుట వారికి మనము నేర్పనక్కరలేదు. ట్రాక్టరు వచ్చినప్పటినుండి వారి నడిగినవారే తక్కువ.

వంచి సరిచూచుట ఓర్పుతో కూడిన పని. నారి నొక్కసారిగా చెవివరకు లాగక, జానెడు జానెడుగా పెంచుచు, ఇరుప్రక్కల వంపు సమముగా నున్నదో లేదో చూచి, బిరుసైన వైపు లోపలిముఖమును గీకవలెను. బాణము లేక నారి విడువరాదు.

సభ్యులు చేయవలసినది కొంచెమే. చెట్టు కొట్టుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము అనుమతి యుండవలెను. అనుమతితో కొట్టిన మానులలో, లేదా గాలివానకు పడినవానిలో, ఆరడుగుల దుంగలను వేలమునకు ముందే వడ్రంగికి చూపుడు. ఆరబెట్టుటకు పంచాయతీ కార్యాలయపు వసారా చాలును. గురికి వెనుక ఎత్తైన మట్టికట్ట, ప్రక్కన పెద్దవా రొకరు తప్పక యుండవలెను. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేటను నిషేధించినది గనుక పిట్టలపైకి బాణము పోరాదని పిల్లలకు మొదటి దినముననే చెప్పుడు.