రైలు కట్ట – కాలువ గట్టు



మన తీరమునకు రైలు ఏమి తెచ్చిందో చెప్పమన్నారు. ఏమి తీసుకొనిపోయిందో కూడ చెప్పనివ్వండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట గోదావరి కాలువలు పొలాలకు నీరిచ్చుటే గాక, ధాన్యమును మనుష్యులను కూడ మోసినవి. రైళ్లకంటె జలమార్గమే చౌక అని కాటన్ దొరగారు గట్టిగా వాదించారు. పడవ నెమ్మదే, కాని గట్టున చెయ్యెత్తిన చోట ఆగేది. రైలు స్టేషనులోనే ఆగుతుంది. తేడా అంతా అక్కడ ఉన్నది.

1893 మొదలు తూర్పు తీరపు రైలుమార్గం ముక్కలు ముక్కలుగా తెరిచారు. 1900లో రాజమండ్రి వద్ద 56 ఖానాల హేవలాక్ వంతెన మీద బండి నడిచింది. క్రమేణా సరుకు రేవులు విడిచి స్టేషన్లకు చేరింది. మిల్లులు, గిడ్డంగులు దాని వెంట నడిచినవి. కాలువ వైపు చూచే ఊళ్లు స్టేషను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నవి.

కోటిపల్లి లైను సంగతి వేరు. 1928లో కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డుకు సుమారు 45 కిలోమీటర్లు వేశారు. పన్నెండేండ్లయినా ముచ్చట తీరలేదు, 1940లో యుద్ధావసరములకని పట్టాలు ఊడదీశారు. మరల బండి వచ్చినది 2004లో. పట్టాలు పోయిననాడు పదేండ్ల పిల్లవాడు తన ఊరి స్టేషనులో తిరిగి బండి చూచునప్పటికి డెబ్బది నాలుగేండ్ల వృద్ధుడు! పొలములో కొంత భూమి, జీవితములో ఒక అలవాటు ఇచ్చుకున్న ఊళ్లకు దక్కినది అది.

అక్కడనుండి అమలాపురం మీదుగా నరసాపురానికి లైను 2000-01లో మంజూరయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ – మూడు పాయలు దాటాలి. ఆ బండి రావలసిందే. ఆసుపత్రికని రేవులో పంటు కోసం నిలబడినవారెవరూ కాదనరు. అయితే డెల్టా పల్లపు నేల. వానకాలం నీళ్లన్నీ సముద్రం వైపు పోవాలి. వాటికి అడ్డముగా కట్ట వేసి, తూములు చాలినన్ని పెట్టకపోతే ఎగువ చేలు మునుగుతాయి. ఏ మురుగుకాలువ ఎటు పొంగుతుందో పటములో కంటె పక్క చేను రైతుకు బాగా తెలుసు. గట్టు ఏ ఏడు ఎంత కోసుకుపోయిందో పంటు నడిపే సరంగుకు తెలుసు. కట్ట లేచిన తరువాత కాదు, మట్టి పోయకముందే వారిద్దరిని పిలిచి అడగాలి. 1928లో గాని, 1940లో గాని వారిని అడిగినదెవరు?